తెడ్డు ఏటివాని చేతనే ఉండవలెను

వరదలు తీసి, కార్తికము ప్రవేశించి, గోదావరి నీరు ఎరుపు వీడి తేటపడ నారంభించినది మొదలు, రీలు బిగించిన గాలపుకర్రలను కార్ల వెనుకసీట్లలో పరుండబెట్టుకొని, పాలేరు కట్టకును, వైరా జలాశయమునకును, అంతటితో తనివి తీరనివారు భద్రాద్రి అడవి అంచులకును వచ్చు పట్టణపు యువకులు నేడు మనకు తరచుగా కనబడుచున్నారు. వీరిలో కొందరికి ఒహాయోలోనో మిషిగన్‌లోనో అన్నలు, మేనబావలు కలరు. వారు ఈరీ సరస్సుపై పడవ నెక్కి, తెల్లవారుజాము మొదలు సాయంకాలము వరకు వాలై, పెర్చ్ అను చేపలను పట్టి, వానిని ఎత్తిచూపుచు తీయించుకొన్న ఛాయాచిత్రములు ఇచ్చటి వీరి ఫోనులకు వచ్చుచుండును. అట్టి దినమొకటి మన గోదావరిపై ఏల ఉండరాదని వీరడుగుచున్నారు. పడవయు, ఎరయు, భోజనమును, దారి చూపు మనుష్యుడును కలసి ఒక్క రుసుమునకు లభించు ఏర్పాటు చేసినచో లాభమెంత మిగులునో పెట్టుబడి గలవారు లెక్కలు వేసికొనుచుందురు. ఈ కోరికను నేను తప్పుపట్టను. ఏటిపై ఒక దినము గడపవలెనని మనుష్యునకు కలుగు ఆశ ఆరోగ్యకరమైనది. అయితే ఆ దినమును అమ్ము హక్కు ఎవరిది, ఆ పడవలో తెడ్డు ఎవరి చేత నుండవలెను అను ప్రశ్నకు ముందుగా సమాధానము చెప్పుకొనక ఈ పనికి పూనుకొన్నచో, అడవి అంచున బ్రతుకు కోయలకును, కొండరెడ్లకును, తరతరములుగా వలనే నమ్ముకొన్న బెస్తలకును ఇప్పటికే జరిగిన నష్టములపై మరియొకటి చేరును. మత్స్యవినోదము మన ఏళ్ళపై సాగవలసినదే. కాని దానికిచ్చు లైసెన్సు ఏటివాని పేరనే ఉండవలెను, అతడు కూలివాడుగా గాక యజమానిగా ఆ పడవ ముందుభాగమున కూర్చుండవలెను.

అమెరికానుండి వచ్చు ఛాయాచిత్రములలో చేప కనబడును గాని, దాని వెనుకనున్న కట్టుబాటు కనబడదు. ఈరీ సరస్సు ఐదు మహాసరస్సులలో లోతు తక్కువది. అందును పడమటి భాగము మరింత మెరక. అచ్చటి వాలై అను చేప కంటిలో వెలుతురును తిరిగి ప్రతిఫలింపజేయు పొర యొకటి ఉండుటచేత, మసక వెలుతురులో ఇతర చేపలు చూడలేని వేళ అది చూడగలదు. కావున ఉదయసంధ్యయు సాయంసంధ్యయు దాని వేటకు తగిన కాలములు. పెర్చ్ గుంపులుగా తిరుగును; ఒకటి పడినచోట పది పడును. ఈ మర్మములెరిగిన పడవ నాయకుడు ఆ దేశపు తీరరక్షక దళము వారి పరీక్షలో ఉత్తీర్ణుడై లైసెన్సు పొందవలెను. సాధారణముగా ఇట్టి చిన్న పడవలపై ఆరుగురికి మించి ప్రయాణికుల నెక్కించుకొనుటకు అతనికి హక్కులేదు. గాలము వేయువాడు తన లైసెన్సు తాను కొనవలెను. ఒహాయో వైపున ఒక్కొక్కరు దినమునకు ఆరు వాలైలకు మించి పట్టరాదు, పదిహేనంగుళములకు తక్కువైన దానిని నీటనే విడువవలెను. ఈ నియమములు ఊరక పుట్టినవి కావు. ఆ సరస్సులో కలియు కయహోగా నది 1969లో చమురుతెట్టు అంటుకొని మండినది. ఆ మరుసటి సంవత్సరము చేపల దేహములలో పాదరసము కనబడుటచే వాలై వేటనే నిలుపవలసి వచ్చినది. బ్లూ పైక్ అను దాని సోదరజాతి ఆ సరస్సునుండి శాశ్వతముగా అంతరించినది. అంత పోగొట్టుకొన్న తరువాతనే, ఆ సరస్సును పంచుకొన్న రెండు దేశములవారును కూర్చుండి, ఈ యేడు ఎంత పట్టవచ్చునో ఏటేట లెక్కగట్టు పద్ధతికి దిగిరి. మనవారు ఆ పడవను దిగుమతి చేసికొనగోరుచున్నారు. దిగుమతి చేసికొనవలసినది ఆ లెక్క.

గాలముతో చేపపట్టుట వినోదముగా సాగుట మనకు పరాయి విద్య యనుకొనువారు కళ్యాణి చాళుక్యుల చరిత్రను ఒకసారి తిరుగవేయుట మంచిది. పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున ఏలిన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను తన సంస్కృత మహాగ్రంథమునందు రాజోచిత వినోదములను వర్ణించుచు మత్స్యవినోదమునకు ఒక ప్రకరణమునే కేటాయించెను. పొలుసుగల చేపలేవి, పొలుసులేని చేపలేవి, ఏటిలో పెరుగునవేవి, ఏ జాతికి ఏ మేత ఇష్టము, కర్రయు దారమును గాలమును ఎట్లుండవలెను అని ఆయన వ్రాసిన తీరు, ఒడ్డున కూర్చుండి స్వయముగా చూచినవాని వ్రాత. భారతీయ జంతుశాస్త్ర సర్వేక్షణకు అధిపతిగా పనిచేసిన సుందర్‌లాల్ హోరా ఈ ప్రకరణమును 1951లో శాస్త్రదృష్టితో పరిశీలించి వెలుగులోనికి తెచ్చెను. సోమేశ్వరునికి పదునాలుగు శతాబ్దులకు ముందే అశోకుడు తన ఐదవ స్తంభశాసనమున కొన్ని పున్నములయందును ఉపవాస దినములయందును చేపలను చంపరాదనియు, అమ్మరాదనియు ఆజ్ఞాపించియుండెను. కర్రపట్టి చేపను జయించు విద్యయు, కొన్ని దినములు చేపను దానికి వదలివేయు వివేకమును, రెండును ఈ నేలపై పాతవే. చక్రవర్తి శాసనము చెరిగినను ఆచారము చెరుగని తావులు కొన్ని నేటికిని కలవు. దేవాలయపు గుండములలోను, పుణ్యక్షేత్రముల మడుగులలోను చేపకు మరమరాలు వేయుదురే గాని గాలము వేయరు.

ఆంగ్లేయుల కాలమున ఈ విద్య దొరల చేతికి పోయినది. మద్రాసు ప్రభుత్వోద్యోగియైన హెన్రీ సలివన్ థామస్ 1873లో ప్రకటించిన ద రాడ్ ఇన్ ఇండియా అను పుస్తకము ఇచ్చటి నదులలో గాలము వేయదలచిన దొరలకు చిరకాలము మార్గదర్శకమైనది. ఆ దొరల వెంట దోసిట ఎర పట్టుకొని నడచి, ఏ మడుగులో ఏ చేప ఉన్నదో చెప్పిన ఊరివారి పేర్లు మాత్రము చరిత్రకెక్కలేదు. ఆ కాలపు మంచిపని యొకటి చెప్పవలసియున్న, డైనమైటుతోను విషముతోను చేపలను చంపుటను నిషేధించిన 1897 నాటి భారత మత్స్యశాసనమును చెప్పవలెను. నూరేండ్లు దాటినను ఆ నిషేధము ఇంకను పూర్తిగా అమలు కాలేదు. వేసవిలో వాగులు తెగి మడుగులుగా విడిపోయిన వేళ, బ్లీచింగ్ పొడియు, పురుగుమందును, బ్యాటరీకి తగిలించిన తీగయు ఎన్ని వాగులను నిర్జీవము చేయుచున్నవో ఒడ్డున నడచినవారందరకును తెలియును. ఒక పూట కూరకొరకు గుడ్డుతోడను, పిల్లతోడను ఒక వాగు వంశమంతయు నశించును.

ఇక మన ఏటి సంగతి. ఖమ్మము దాటి, కొత్తగూడెము దాటి, పాల్వంచ చేరునప్పటికి నేల ఎర్రబారి, టేకును ఇప్పయు దారికి దగ్గరగా జరుగును. కిన్నెరసాని ఈ అడవులనుండియే దిగివచ్చి బూర్గంపహాడ్ సమీపమున గోదావరిలో కలియును. భద్రాచలమునకు ఎగువన తాలిపేరు, దిగువన కూనవరము వద్ద శబరి చేరి, అచ్చటినుండి పాపికొండల ఇరుకులోనికి గోదావరి ప్రవేశించును. 2014లో రాష్ట్రము రెండుగా విడిపోయినప్పుడు పోలవరము ముంపు పేర ఈ ఏటి ఒడ్డు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా, రాముని పట్టణము తెలంగాణమున నిలిచినది. ఒక ఒడ్డున వల విప్పినవాడు మరియొక ఒడ్డున దానిని ఆరవేసికొనుటకు ఇప్పుడు రాష్ట్రసరిహద్దు దాటవలసిన స్థితి. వాలుగకు, జెల్లకు, బొమ్మిడాయికి, బొచ్చెకు, కొర్రమట్టకు ఈ సరిహద్దు తెలియదు. దానిని గౌరవించు లైసెన్సు పద్ధతి మాత్రము రెండు ప్రభుత్వములు కలసి చేయనిదే సాగదు.

కూనవరము సంగమమునకు కొంచెము దిగువన, ఒక చలికాలపు ఉదయమున ఒక ముసలి కోయవాడు గాలము వేయుట నేను చాలసేపు చూచితిని. ఆయనకు కర్ర లేదు, రీలు లేదు; ఖాళీ నీళ్ళసీసాకు చుట్టిన నైలాను దారము, దాని కొసన ముల్లు, కొంచెము పైగా కట్టిన చిన్న ఇనుపబిళ్ళ. కొబ్బరిచిప్పలో తడిమట్టి పోసి, అందులో ఎర్రలను దాచియుంచెను. వచ్చినవాడు వచ్చినట్లు గాలము వేయలేదు. పడవను ఒడ్డువెంట మెల్లగా పోనిచ్చుచు, వెదురుగెడను నీటిలో దించి, దాని అడుగు తాకిన చప్పుడును చేతితో వినుచు, ఇది ఇసుక, ఇది రాయి, ఇది బురద అని తనలో తాననుకొనుచు, ఒకచోట ఆగి ఎండుటాకు నలిపి నీటిపై చల్లెను. ఆ పొడి కొంతదూరము దిగువకు పోయి, అచ్చట గిరగిర తిరిగి వెనుకకు వచ్చినది. ఆ తిరుగుడు అంచుననే ఆయన దారము వదలెను. ఎందుకచ్చటనే యని నేనడుగగా, కన్ను దారముపైనుండి త్రిప్పకయే, «ఏరు రోజూ ఒక్క తీరుగ ఉండదు సారూ. నిన్న మడుగున్న కాడ ఇయ్యాల ఇసుక మేటేస్తది. సూడాలె, అడగాలె, అప్పుడు గాలమెయ్యాలె» అనెను. ఎవరినడుగవలెనని నేను మరల ప్రశ్నింపగా ఆయన గెడవైపు చూపెను. ఎండ ముదిరిన తరువాత దారము చుట్టివేసి, ఇక చేప అడుగుకు పోయినదనియు, మరల పొద్దు వాలినదాక అన్నము తిని నిద్రపోవుటయే మేలనియు చెప్పి పడవను నీడకు త్రిప్పెను. ఈరీ సరస్సుపై వాలైకొరకు పడవ నాయకుడు పాటించు వేళయే ఇచ్చట వాలుగకొరకు ఆయన పాటించు వేళ. అతనికి తెరపై లోతు చూపు యంత్రము కలదు, ఈయనకు గెడ కలదు. యంత్రమునకు వేలకువేలు చెల్లించు మనము, గెడపట్టిన చేతికి ఒక పూట కూలి ఇచ్చి సరిపెట్టదలచుట న్యాయమా?

ఈ జ్ఞానమెంత విలువైనదో 2019 సెప్టెంబరు 15న గోదావరి మనకు కఠోరముగా తెలియజెప్పినది. వరదనీటిలో పాపికొండలకు యాత్రికులను తీసికొనిపోవుచున్న రాయల్ వశిష్ఠ లాంచీ కచ్చులూరు వద్ద మునిగిపోయినప్పుడు, అందున్న 77 మందిలో 26 మంది మాత్రమే బ్రతికి బయటపడిరి. వారిని తొలుత చేరి నీటినుండి లాగినవారు ఒడ్డునున్న గిరిజన పల్లెలవారే. మునిగిన లాంచీని పైకి తీయుటకు పెద్ద పెద్ద ప్రయత్నములు జరిగి విఫలములైన పిమ్మట, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము బృందము లంగరులను, ఉక్కుతాళ్ళను, గజఈతగాండ్రను నమ్ముకొని, అక్టోబరు 22న దానిని వెలికితీసినది. సుడి ఎచ్చట తిరుగునో, ఏ నెలలో ఆ మలుపును తప్పించుకొని పోవలెనో చిన్ననాటినుండి ఎరిగినవాడు చుక్కాని వద్ద కూర్చుండియున్న దినమునకును, లేని దినమునకును గల అంతరము ఎంతటిదో ఆ కుటుంబముల నడుగవలెను. కావున గాలపుపడవ విషయమున తొలి నియమము ప్రాణరక్షణయే కావలెను: పడవకు ఆరుగురు, ఒంటిపైనుండి తీయని లైఫ్ జాకెట్టు, మద్యము నిషిద్ధము, పొద్దుగూకకముందే రేవు. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక ఎగురవేయుదురు, 1986లో 75.6 అడుగులును, 2022 జూలైలో 71 అడుగులకు మించియును చేరిన గోదావరితో ఆటలాడరాదు. తొలకరి మొదలు దసరా దాటువరకు ఈ వినోదమే ఉండరాదు.

ఆ నిషేధమునకు ప్రాణభయమొక్కటియే కారణము కాదు. తొలి వరదనీరు వాగులలో దిగగానే చేప గుడ్డు పెట్టుటకై ఎదురెక్కును. మృగశిర కార్తె నాడు చేప తినుట తెలంగాణమున ఇంటింటి ఆచారము. ఆ ఆచారమును నేను కాదనను, కాని అదే వారములలో కడుపునిండ గుడ్డుతో ఎదురెక్కు బొచ్చెను, వాలుగను వాగు మూతివద్ద అడ్డగించి పట్టుట రాబోవు పది సంవత్సరముల పంటను గింజగా నున్నప్పుడే వేయించుకొని తినుట. ఆ ఒక్క చేప కడుపులో లక్షలకొలది గుడ్లుండును. వాలుగ నిప్పుడు ప్రకృతి పరిరక్షణకై పనిచేయు అంతర్జాతీయ సంఘము అపాయమునకు లోనైన జాతుల పట్టికలో చేర్చినది. ఒడ్డు క్రింది బొరియలలో పొంచియుండి, చీకటి పడగానే వేటకు బయలుదేరు ఆ చేప, మోకాలి లోతు వాగులలో సయితము కనబడెడిదని పెద్దలు చెప్పుదురు. గాలపుపడవల పద్ధతి ప్రారంభమగు నాటినుండియే పెద్ద వాలుగను తప్పక విడువవలెనని నియమింపవలెను.

ఇచ్చట ఒక ధర్మసందేహము కలదు. పాశ్చాత్యులు పట్టి విడుచుట అను పద్ధతిని గొప్ప ధర్మముగా చెప్పుకొందురు. కోయపల్లెలో ఈ మాట చెప్పినచో వినువారికి ఎట్లు తోచునో ఆలోచించితిని. తినుటకు గాకున్న ఆ జీవిని ముల్లుతో ఏల గుచ్చవలెను, గుచ్చి దాని నోరు చింపి నీటిలో ఏల విసరవలెను అని వారడిగినచో, దానికి మన వద్ద చక్కని జవాబు లేదు. ఆకలికొరకు పట్టుటలో ఒక మర్యాద కలదు. ఛాయాచిత్రముకొరకు పట్టుటలో అది లేదు. నా మతమున మధ్యాహ్నపు కూరకు సరిపోవు రెండు మూడు మధ్యరకపు చేపలను తీసికొని, ఏటి ఒడ్డున వండుకొని తిని, పిల్లలను పెద్దతల్లులను విడిచిపెట్టుట మన నేలకు తగిన నియమము. ముల్లుకు కొక్కెము లేకుండునట్లు అరగదీసినచో విడిచిన చేప బ్రతుకును. చేపను తడిచేతితో పట్టవలెను, నీటికి పైగా ఎక్కువసేపు ఉంచరాదు. ఇవి దారి చూపువాడు ఎక్కినవారికి నేర్పవలసిన మొదటి పాఠములు. తినని చేపను ఎన్ని పట్టితినో చెప్పుకొనువానికి ఆ పడవలో తావుండరాదు.

కిన్నెరసాని జలాశయమును ఈ పనికి వాడుకొందమని కొందరందురు. పాల్వంచ విద్యుత్కేంద్రమునకు నీరందించుటకై కట్టిన ఆ జలాశయము, దాని నడుమ దీవులు, చుట్టును కొండలు ఎంత మనోహరములో నాకును తెలియును. కాని అది 1977లో ఏర్పడిన వన్యప్రాణి అభయారణ్యపు గర్భము. 635 చదరపు కిలోమీటర్ల ఆ అరణ్యమున జలాశయమే మొసళ్ళకు నెలవు. 2008లో జాతీయ వనమైన పాపికొండల సంగతియు అంతే. అభయారణ్యపు నీటిలో గాలము వేయుట 1972 నాటి వన్యప్రాణి చట్టముతో పోరాటమునకు దిగుటయగును. ఆ పోరాటపు ఫలమును కన్నడిగులు చూచియున్నారు. కావేరిపై గాలిబోరె, భీమేశ్వరి, దొడ్డమకలి అనుచోట్ల మహాశీర చేపకొరకు నడచిన శిబిరములు లోకప్రసిద్ధములు. మునుపు దొంగతనముగా డైనమైటు వేసినవారినే దారి చూపువారుగా, కాపలాదారులుగా నియమించి, ఆ మడుగులను వారిచేతనే రక్షింపజేసిన ఘనత ఆ శిబిరములది. అయినను ఆ తీరము అభయారణ్యములోనిదగుటచే, పట్టి విడుచుటయు వేటయేయని నిర్ణయమై, 2012 నాటికి అచ్చట గాలము ఆగిపోయినది. గాలగాండ్రు వెళ్ళిపోయిన తరువాత కాపలా పలుచబడి దొంగవేట పెరిగినదని వారు మొరపెట్టుచునే యున్నారు. మూపున గూనుగల ఆ కావేరి మహాశీరము 2018లో అంతరించుటకు అత్యంత సమీపమున నున్న జాతిగా ప్రకటింపబడినది. ఈ చరిత్రనుండి నేను తీయు భావమొకటే: అభయారణ్యపు హద్దునకు వెలుపల మొదలిడినచో కోర్టు మెట్లెక్క నక్కరలేదు, డైనమైటు వేసినవానిని కాపలాదారుగా మార్చిన ఆ మంచి యుపాయమును మాత్రము తెచ్చుకొనవచ్చును. మనకు అభయారణ్యము వెలుపల నీరు తక్కువ కాదు. భద్రాచలము దిగువ గోదావరి కలదు, కూనవరమువరకు శబరి కలదు, తాలిపేరు జలాశయము కలదు, మైదానమున పాలేరు, వైరా, లంకాసాగరము కలవు.

చెరువులు, జలాశయముల మాట వేరు. అచ్చటి చేప అడవి చేప కాదు. ఏటేట పిల్లలను వదలి పెంచిన చేప. దానిని పట్టు హక్కు మత్స్య సహకార సంఘములది. పాలేరు కట్టపై కుర్చీ వేసికొని, రీలు త్రిప్పుచు, సాయంకాలమునకు నాలుగు బొచ్చెలను కారులో వేసికొని పోవు పట్టణపు యువకుడు తనకు తెలియకయే సంఘసభ్యుల కష్టఫలమును ఎత్తుకొనిపోవుచున్నాడు. వానిని తరిమివేయుటకంటె, కట్టవద్దనే సంఘము పేర ఒక దినపు టికెట్టు పెట్టి, ఇన్ని చేపలకు మించరాదని చెప్పి, సంఘములోని పడుచువానినే తోడిచ్చుట మేలు. పాలేరులో మత్స్య పరిశోధనాకేంద్రము కలదు గదా. ఆ పడుచువానికి వారము దినములు శిక్షణనిచ్చుట దానికి భారము కాదు.

ఏటి విషయమున హక్కు ప్రశ్న మరింత లోతైనది. భద్రాద్రి అడవి అంచు షెడ్యూల్డు ప్రాంతము. 1/70 అను పేరు ఇచ్చట చిన్నపిల్లలకును తెలియును. గిరిజనేతరునికి ఇచ్చట భూమి బదిలీ కారాదని 1970లో వచ్చిన ఆ నిబంధన చెప్పినది. గనుల లీజును గూర్చినదే యైనను, 1997లో సమత కేసున సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ రక్షణకు ప్రాణము పోసినది. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలోని చిన్న నీటివనరుల నిర్వహణను పంచాయతీలకు అప్పగింపవలెననెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము చేపలపైనను, ఇతర జలోత్పత్తులపైనను గల సామూహిక హక్కును పేరుపెట్టి గుర్తించినది. కాగితముపై ఇంత బలమున్నను ఏటి ఒడ్డున జరుగునది వేరు. గిరిజనుని పేర కాగితము, బయటివాని పేర పెట్టుబడి, లాభము పట్టణమునకు, నెలజీతము పల్లెకు: ఈ బినామీ పద్ధతి హోటళ్ళలో చూచితిమి, ఇసుకలో చూచితిమి. గాలపుపడవలోను అదియే జరిగినచో ఆ ముసలాయన మనుమడు తన తాత ఏటిలోనే యూనిఫారము తొడుగుకొని పరాయివానికి నీళ్ళసీసా అందించు పనివాడగును. అందుచేతనే లైసెన్సు కంపెనీకి గాక గ్రామసభ తీర్మానించిన సంఘమునకే ఇవ్వవలెననియు, దానిని ఇతరులకు ఉపలీజుకిచ్చుట చెల్లరాదనియు, పడవను, ఇంజనును కొనుటకు గిరిజనాభివృద్ధి సంస్థయైన ఐటీడీఏ రుణమీయవలెననియు నేను పట్టుబట్టుచున్నాను. పెట్టుబడిదారునికి స్థానము లేదని కాదు. యాత్రికులను తెచ్చుట, వసతి చూచుట, లెక్కవ్రాయుట అతడు చేయవచ్చును, దానికి తగిన కమీషను తీసికొనవచ్చును.

పోలవరము ఈ ప్రశ్నను ఇంకను త్వరపెట్టుచున్నది. పూర్తి మట్టము 150 అడుగులకు నీరు నిలిచిన నాడు, కూనవరము, వరరామచంద్రపురము, వేలేరుపాడు మండలములలోని ఏరు ఏరుగా ఉండదు, అది సరస్సగును. పారునీటిని నమ్ముకొన్న చేప తగ్గును, నిలువనీటి చేప పెరుగును; ముసలాయన గెడకు తెలిసిన మడుగులన్నియు లోతున మునుగును. ఊరు, పొలము, శ్మశానము సయితము విడిచిపోవువారికి ఆ సరస్సు చేపపై మొదటి హక్కు ఇప్పుడే వ్రాసియివ్వనిచో, నీరు నిండిన మరునాడు వేలము పాటకు బయటినుండి వచ్చు కాంట్రాక్టరే దాని యజమాని యగును. ఆనకట్టల చరిత్రలో నిర్వాసితుడు తన మునిగిన పొలముపై నిలిచిన నీటిలో చేపపట్టుటకు పరుల అనుమతి వేడుకొనవలసి వచ్చుటకంటె అవమానము లేదు.

ఈ వినోదము గొప్ప ఆదాయము తెచ్చునని నేను చెప్పను. సంవత్సరమున నాలుగైదు నెలలు, వారాంతములలో, పడవకు ఆరుగురు, అంతే. కాని వల నిండ చేపపట్టి, మధ్యవర్తి చెప్పిన ధరకు తెల్లవారకముందే అమ్ముకొను కుటుంబమునకు, ఏటిని ఖాళీచేయకయే దినపు ఫలము దక్కుట చిన్నవిషయము కాదు. చేప బరువు కిలోలలో తూగును; ఏటి తెలివికి ధర కట్టుట మనమింతవరకు నేర్చుకొనలేదు. దారి చూపువానికి కనిష్ఠ రుసుమును గ్రామసభయే నిర్ణయించి, దానిని యాత్రికుడు రేవువద్దనే చెల్లించునట్లు చేయవలెను.

రెండు ప్రభుత్వముల మత్స్యశాఖలును, భద్రాచలము, చింతూరు ఐటీడీఏలును, అటవీశాఖయు ఈ చలికాలము ముగియకముందే ఒక్కచోట కూర్చుండి, అభయారణ్యపు హద్దులకు వెలుపల ఒక్క రేవును మాత్రము ఎన్నుకొని, ఆ ఊరి గ్రామసభ తీర్మానముతో, ఆ ఊరి సంఘము పేర, ఆరుగురికి మించని పడవలు నాలుగింటికి తొలి లైసెన్సులు ఇవ్వవలెను. దానితోపాటు, పట్టిన చేప జాతి, పొడవు, విడిచినదో తిన్నదో వ్రాయు పుస్తకమొకటి ప్రతి పడవలో ఉండవలెను. రెండు ఋతువుల పుస్తకములను చూచిన మీదటనే రెండవ రేవు మాట ఎత్తవలెను. వేలము పాట అను పద్ధతి ఈ వ్యవహారమున ఏ అంచునను చొరబడరాదు.